నైరుతి డిస్కుకు తగిన కేబుల్

మా ఆఫీసులో కంప్యూటరు ఆగ్నేయంలో ఉంటుంది, దాని హార్డ్ డిస్కు నైరుతిలో ఉంటుంది. మధ్య దూరం నలభై రెండు అడుగులు. టేపు పెట్టి కొలిచింది నేనే కాబట్టి అంగుళం తేడా ఉండదు. ఎక్కడైనా డిస్కు కంప్యూటరు పొట్టలోనే ఉంటుంది కదా, మీ వాళ్ళకేం పోయేకాలం వచ్చింది అని మీరడుగుతారని నాకు తెలుసు. అడగండి. అడిగినవాళ్ళలో మీరు మొదటివారేం కాదు.

మాది వృత్తి పరీక్షల మండలి వారి ప్రాంతీయ కార్యాలయం. నర్సుల పరీక్ష నుంచి టైపు పరీక్ష దాకా, ప్రభుత్వ గుమస్తాల శాఖా పరీక్షల నుంచి జ్యోతిష ప్రవేశ పరీక్ష దాకా అన్నీ మేమే పెడతాం. నా పేరు భానోజీ, జూనియర్ అసిస్టెంటుని. పాతికేళ్ళలో పరీక్షలు రాసిన పదకొండు లక్షల మంది మార్కులు ఒకే ఒక్క డిస్కులో ఉన్నాయి. దానికి నకలు తీసి పెట్టుకోలేదా అనకండి. నకలు తీయడానికి వేసిన సంఘం ఆరేళ్ళ కిందట కూర్చుంది, పాపం ఇంకా లేవలేదు.

కొత్తగా వచ్చిన డైరెక్టరు పద్మలోచనరావు గారు చేరిన వారానికే ఆఫీసు మెట్ల మీద జారిపడి మోకాలు పగలగొట్టుకున్నారు. ఆయనకు ముందున్నాయన ఆరు నెలలకే బదిలీ అయ్యారు, ఆ ముందాయనకు షుగరొచ్చింది. మెట్టు విరిగి మూడేళ్ళయిందని నేను చెప్పబోయాను గానీ, అప్పటికే చిదంబర సిద్ధాంతి గారిని తీసుకురావడానికి జీపు బయల్దేరిపోయింది.

సిద్ధాంతి గారు చేతిలో దిక్సూచితో ఆఫీసంతా తిరిగి, నా బల్ల దగ్గర ఆగారు.

"ఇదేమిటి?"

"కంప్యూటరండి."

"వేడెక్కుతుందా?"

"ఎండాకాలం మీద చెయ్యి పెట్టలేమండి."

"అగ్ని. ఆగ్నేయంలోనే ఉంది, ఉండనీ." తర్వాత మూత తెరిచి ఉన్న డబ్బాలోకి తొంగి చూశారు. "లోపల ఆ నల్లటిదేమిటి?"

"డిస్కండి. పదకొండు లక్షల మంది మార్కులు అందులోనే ఉంటాయి."

"బరువెంత?"

"ముప్పావు కిలో ఉంటుందేమోనండి."

"రేకు బరువు ఎవడడిగాడు నాయనా! పదకొండు లక్షల మంది. తలకి నలభై కిలోలు వేసుకో."

డైరెక్టరు గారు వేలు గాల్లో ఆడించి లెక్క కట్టారు. నాలుగు కోట్ల నలభై లక్షల కిలోలు తేలింది. ఆయన మొహం పాలిపోయింది.

"అంత బరువుని నిప్పు మీద పెట్టుకు కూర్చుంటే మెట్లేం ఖర్మ, మేడే జారుతుంది," అన్నారు సిద్ధాంతి గారు. "బరువుండవలసింది నైరుతిలో. ఇవాళే మంచిరోజు."

సాయంత్రానికల్లా డిస్కును విప్పి, నైరుతి గదిలో ఇనప బీరువాలో పెట్టి, పక్కన గోడ ప్లగ్గులోంచి దానికి కరెంటిచ్చాం. కంప్యూటరు నడవడానికి లోపల ఇంకో చిన్న డిస్కుంది కాబట్టి దాని పని అది చేసుకుంటోంది. పాత మార్కులు మాత్రం రావు.

"సార్, ఈ రెంటినీ కలిపే కేబుల్ అడుగున్నరే ఉంటుందండి," అన్నాను.

"పొడుగుది కొనవయ్యా. అది కూడా నేనే చెప్పాలా?"

బజారుకెళ్ళాను. కొట్టాయన మూడు రకాలు చూపించాడు. ఒకటి తిన్నటి కొసది, ఒకటి వంపు కొసది, ఒకటి ఊడిపోకుండా చిన్న క్లిప్పున్నది. మూడూ మంచివే, ఏది పెట్టినా పనిచేస్తుందన్నాడు. నలభై రెండు అడుగులది కావాలంటే నాకేసి ఎగాదిగా చూశాడు. "ఈ రకం కేబుల్ మీటరు దాటి ఎవరూ చెయ్యరండీ. దాటితే లోపల సంకేతాలు చెదిరిపోతాయి. డిస్కునే దగ్గరకి జరుపుకోండి," అన్నాడు. చదువుకున్న వాడిలాగే కనిపించాడు గానీ, మా ఆఫీసు సంగతి అతనికేం తెలుస్తుంది?

దీవెన వచ్చింది ఆ మర్నాడే, పదిహేడో తారీఖున. ముప్ఫై ఏళ్ళుంటాయి. లంక గ్రామం అమ్మాయి, పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగు హోములో తొమ్మిదేళ్ళుగా రోజుకి పన్నెండు గంటలు పనిచేస్తోంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో నర్సుగా ఎంపికయింది. చేరడానికి నర్సు పరీక్ష మార్కుల జాబితా కావాలి. ఆమెది వరదల్లో ట్రంకుపెట్టెతో సహా గోదాట్లో పోయింది. నకలివ్వాల్సింది మేమే.

"ఇరవై ఎనిమిదో తారీకు సాయంత్రం అయిదింటికల్లా ఇవ్వాలటండి. లేకపోతే ఉద్యోగం నా తరవాతామెకి ఎల్లిపోద్దంట," అంది. "ఇంకా పదకొండు రోజులుంది కదండీ, కంగారేం లేదు."

కంగారేం లేదనే నేనూ చెప్పాను. మార్కుల డిస్కు నైరుతి గదిలో ఉంది, కలపడానికి కేబుల్ రావాలని మాత్రం అన్నాను. ఆమె నైరుతి గది వంకా, నా బల్ల వంకా చూసింది.

"ఆ డిస్కుని ఇక్కడికి తెచ్చేసుకుంటే రాదాండీ?"

"వస్తుంది."

"మరి?"

"సంఘం వేస్తున్నారమ్మా," అన్నాను.

కేబుల్ ఎంపిక సంఘం మర్నాడు కూర్చుంది. అధ్యక్షులు డైరెక్టరు గారు. సభ్యులు సూపరింటెండెంటు ఉగ్రనరసింహం గారు. విషయ నిపుణులు సిద్ధాంతి గారు. సమావేశకర్త నేను. సమావేశకర్తకు ఓటుండదు, టీ చెప్పే అధికారం ఉంటుంది.

కొట్టాయన చెప్పిన మీటరు సంగతి విన్నవించాను.

"ఏమయ్యా భానోజీ," అన్నారు డైరెక్టరు గారు. "నిన్న ఢిల్లీ నుంచి ఉత్తర్వు అర నిమిషంలో వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చింది ఈ గదిలోంచి ఆ గదిలోకి రాదా?"

ఉగ్రనరసింహం గారు మినిట్సులో రాసుకున్నారు: "సుదీర్ఘ కేబుళ్ళ తయారీ పట్ల విపణి వర్గాల నిరాసక్తతను సంఘం తీవ్రంగా పరిగణించినది."

ఈ ఉగ్రనరసింహం గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క వస్తువు కూడా నియమావళిలో లేనిది కొనలేదు. మా కొనుగోలు నియమావళి మా మండలి పుట్టకముందుదెప్పుడోది. ఆయన ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా రెండు రోజులు చదివారు. మూడో రోజు లేచి నిలబడ్డారు.

"నియమావళిలో కేబుల్ అను పదము లేదు సార్. అడుగులలో కొలిచి కొనదగిన వస్తువు ఒక్కటే కలదు. పద్నాలుగో నిబంధన, బావి చేద తాడు."

"ఇంకేం, దాన్నే అన్వయించండి," అన్నారు డైరెక్టరు గారు, పెద్ద గండం గడిచినట్టు.

పద్నాలుగో నిబంధన ప్రకారం తాడును ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. మర్నాడు దూలానికి కట్టి, నిండు బకెట్టు వేలాడదీసి, ఒక పగలంతా ఉంచాలి. తెగనిదే సరైన తాడు. బజారు నుంచి నమూనాగా అన్ని రకాల తీగలూ తెమ్మన్నారు. కొట్టాయన చూపించిన మూడూ తెచ్చాను, వాటితో పాటు ఫోను తీగ, స్పీకరు తీగ, టీవీ కేబుల్ కూడా తెచ్చాను. ఏం చెప్పమంటారు, బకెట్టు కూడా కొత్తది తెచ్చాను.

తిన్నటి కొసది బకెట్టు తగిలించగానే ఊడింది. వంపు కొసది పది నిమిషాలు ఓర్చుకుంది. క్లిప్పున్నది పావుగంట నిలబడితే ఉగ్రనరసింహం గారు దాని మీద కొంచెం గౌరవం చూపించారు గానీ, అది కూడా తెగి నీళ్ళన్నీ ఆయన పంచె మీద పడ్డాయి. ఫోను తీగ, స్పీకరు తీగ మధ్యాహ్నానికల్లా పోయాయి. టీవీ కేబుల్ ఒక్కటీ సాయంత్రం దాకా బకెట్టు మోసింది. పైగా నల్లది. నైరుతిలోకి నలుపు శ్రేష్ఠమని సిద్ధాంతి గారు కూడా ఒప్పుకున్నారు. సంఘం ఏకగ్రీవంగా టీవీ కేబుల్‌ని ఎంపిక చేసింది.

ఈ రోజులన్నీ దీవెన వస్తూనే ఉంది. పొద్దున నర్సింగు హోములో డ్యూటీ దిగి, ఇంటికెళ్ళకుండా తిన్నగా మా బెంచీ మీదకి వచ్చేది. వెనక వరండాలో బకెట్టు వేలాడుతుంటే చూసి, "అదేంటండీ బాబూ?" అంది.

"మీ మార్కులేనమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. ఇరవై రెండో తారీఖు దాకా నవ్వుతూనే ఉంది. తర్వాత నవ్వడం మానేసింది.

ఇరవై ఆరున టీవీ కేబుల్ బిగించే అతను వచ్చి నలభై రెండు అడుగులు గోడ వెంట మేకులు కొట్టాడు. రెండు కొసలకీ, తెగిన మా నమూనాల కొసలు కోసి అతికించమన్నాం. "దీన్లో చానెళ్ళొత్తాయి గానీ మార్కులెలాగొత్తాయండీ?" అన్నాడు. ప్రభుత్వ వ్యవహారం నీకెందుకు, చెప్పిన పని చెయ్యి అని ఉగ్రనరసింహం గారు కసిరారు.

ఇరవై ఏడున ముహూర్తం. డైరెక్టరు గారు కొబ్బరికాయ కొట్టారు. నేను కంప్యూటరు మీట నొక్కాను. తెర మీద డిస్కు లేదని వచ్చింది. ఆపి మళ్ళీ నొక్కాను. లేదనే వచ్చింది.

"కేబుల్‌లో లోపముందేమోనండి," అన్నాను మెల్లిగా.

"అసంభవము," అన్నారు ఉగ్రనరసింహం గారు. "కేబుల్ పద్నాలుగో నిబంధన ప్రకారము ఉత్తీర్ణమైనది. కంప్యూటరు ప్రధాన కార్యాలయము వారు పంపినది, దానిని శంకించుట క్రమశిక్షణారాహిత్యము. ఇక మిగిలినది డిస్కు."

"అంటే డిస్కు ఖాళీ అన్నమాట," అన్నారు డైరెక్టరు గారు.

"అంతియే సార్."

అంతే. నేనే టైపు చేశాను, నా వేళ్ళు పడిపోను. ఇరవై ఎనిమిది ఉదయం పదకొండింటికి నోటీసు బోర్డుకెక్కింది: "సదరు డిస్కునందు ఎట్టి సమాచారము లేదని సంఘము నిర్ధారించినందున, గత పాతికేళ్ళలో ఈ మండలి నిర్వహించిన ఏ పరీక్షయందును ఎవరును ఉత్తీర్ణులు కానట్లుగా భావించవలెను. తదనుగుణముగా చర్యలు తీసుకొనబడును."

దీవెన నోటీసు బోర్డు దగ్గర చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడియారం చూసుకుంది, మూడు గంటలు. తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి నడిచింది. ఆపడానికన్నట్టు నేనూ వెనకాలే వెళ్ళాను. లోపల ఉగ్రనరసింహం గారు, సిద్ధాంతి గారు అభినందనలు పంచుకుంటున్నారు.

"సార్, మీకు ఈ ఉద్యోగానికి శాఖా పరీక్ష రాయాలి కదండీ. ఎక్కడ రాశారండీ?" అంది.

"ఇక్కడే. ఈ మండలిలోనే. ప్రథమ శ్రేణి," అన్నారు డైరెక్టరు గారు గర్వంగా.

"ఎన్నేళ్ళయిందండీ?"

"పద్దెనిమిదేళ్ళు."

"సూపరింటెండెంటు గారూ, మీరండీ?"

ఉగ్రనరసింహం గారు వేగిరం గ్రహించే మనిషి, అప్పటికే పెదాలు కదులుతున్నాయి. తన శాఖా పరీక్షకి పాతికేళ్ళు నిండాయేమోనని లెక్కపెట్టుకుంటున్నారని నాకర్థమయింది. నిండలేదు.

"ఈ సిద్ధాంతి గారికి జ్యోతిషం సర్టిఫికెట్టు ఎవరిచ్చారండీ?"

సిద్ధాంతి గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. అది కూడా మేమే ఇచ్చాం.

"అయితే నేనొక్కదాన్నే కాదన్న మాట ఫెయిలు," అంది దీవెన. "ఈ గదిలో పాసయినవాళ్ళు ఒక్కళ్ళు లేరండి."

డైరెక్టరు గారు మంచినీళ్ళు తాగారు. తర్వాత సిద్ధాంతి గారి వైపు తిరిగి, "ఏదైనా మార్గం చూడండి మహానుభావా," అన్నారు.

సిద్ధాంతి గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన బతుకుతెరువు కూడా ఆ బీరువాలోనే ఉంది కాబట్టి ఎక్కువసేపు మూసుకోలేదు. "బరువు కాపురం ఉండకూడదు గానీ, చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళొచ్చు. వచ్చిన మూడు గంటల్లోపు తిరిగి వెళ్ళిపోతే దోషం లేదు."

డిస్కును వెండి పళ్ళెంలో పట్టుగుడ్డ పరిచి డైరెక్టరు గారే స్వయంగా మోసుకొచ్చారు. నాలుగు కోట్ల కిలోల మాట ఎవరికీ గుర్తు రాలేదు. డిస్కు విప్పినప్పుడు తీసిన పాత అడుగున్నర కేబుల్ నా సొరుగులోనే ఉంది. తగిలించాను, మీట నొక్కాను. పదకొండు లక్షల మంది తెర మీదకొచ్చేశారు. అర నిమిషం పట్టింది.

"నాది తియ్యి, నాది ముందు!" అన్నారు డైరెక్టరు గారు. అప్పటికే సిబ్బంది ముప్ఫై మందీ సీనియారిటీ ప్రకారం నా వెనక వరస కట్టారు. నేను దీవెన నంబరు కొట్టాను. జన్మలో మొదటిసారి సీనియారిటీ తప్పాను. ప్రింటరు మూలిగి మూలిగి కాగితం కక్కింది.

"సంతకం పెట్టండి సార్," అంది ఆమె. నాలుగు దాటింది.

డైరెక్టరు గారు కలం తీశారు. ఉగ్రనరసింహం గారు అడ్డొచ్చారు.

"క్షమించండి సార్. ఉదయము పదకొండు గంటల నుండి తమరు ఉత్తీర్ణులు కారు. ఉత్తీర్ణులు కాని వారు డైరెక్టరు కారు. డైరెక్టరు కాని వారి సంతకము చెల్లదు."

"నా మార్కులు వస్తున్నాయి కదయ్యా!"

"వచ్చును సార్. కాని ఆ జాబితా చెల్లుటకు దాని మీద డైరెక్టరు గారి సంతకముండవలెను."

"అయితే ఆ ఉత్తర్వే రద్దు చేస్తాను."

"రద్దు చేయుటకు కూడ డైరెక్టరే కావలెను సార్."

అసలు ఆ నిమిషాన మా ఆఫీసులో జీతం తీసుకోవడానికి అర్హత ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు. నాకు లోపల నవ్వొస్తోంది, బయటికి రానివ్వలేదు. దీవెన గడియారం చూసింది. గబగబా బయటికెళ్ళి, నోటీసు బోర్డు మీద కాగితం చర్రున చింపి, నాలుగు ముక్కలు చేసి, సంచీలో వేసుకుని వచ్చింది.

"ఏ ఉత్తర్వు గురించండీ మీరంటున్నది?" అంది.

ఉగ్రనరసింహం గారు నియమావళి తిరగేశారు. బోర్డు మీద లేని ఉత్తర్వు అమలులో లేనట్టేనని తొమ్మిదో నిబంధనలో ఉంది. ఆయన ఊపిరి పీల్చుకుని చోటు చూపించారు, డైరెక్టరు గారు సంతకం గీకారు. నాలుగూ ముప్ఫై అయిదు.

ఆటో కోసం చూడనివ్వలేదు. నా స్కూటరు మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. నాలుగూ యాభై రెండుకి కిటికీలో కాగితమిచ్చింది, లోపలి గుమస్తా ముద్ర వేశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయింది. నాకు కళ్ళు చెమర్చాయి. థాంక్స్ చెబుతుందని ఎదురుచూశాను, అబద్ధమెందుకు.

"భానోజీ గారూ," అంది. "ఆ చిన్న కేబుల్ తగిలిత్తే పనైపోద్దని మీకు మొదటి రోజే తెలుసు కదండీ?"

"తెలుసు."

"బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటదండీ?"

"నా దగ్గరే."

"మరి పదకొండు రోజులు ఎందుకు చూత్తా కూచున్నారండీ?"

"నేను సమావేశకర్తని. నాకు ఓటు లేదు," అన్నాను. ఆఫీసులో ఎంతో గట్టిగా వినిపించే మాట అక్కడ ఎంత పేలవంగా వినిపించిందో!

"సెలైను అయిపోతుంటే ఓటు లేదని కూచుంటే మమ్మల్ని ఏమంటారో తెలుసాండీ?" అంది. కోపంగా అనలేదు. లేచి కొంగు దులుపుకుని, రేపటి డ్యూటీ ఎన్నింటికో కనుక్కోవడానికి లోపలికెళ్ళింది. నాకు సిగ్గేసింది. స్కూటరు స్టార్టు చేయడానికి నాలుగైదు సార్లు తన్నాల్సి వచ్చింది.

సిద్ధాంతి గారు పెట్టిన మూడు గంటల గడువు దాటకుండా డిస్కు నైరుతికి వెళ్ళిపోయింది. ఆ రాత్రే ఉగ్రనరసింహం గారు నివేదిక పంపారు: "సుదీర్ఘ కేబుల్ సంఘ ఆశయాలకు అనుగుణంగా బిగించబడినది. తదనంతరము మార్కుల జాబితాలు జయప్రదంగా వెలువడినవి." రెండు వాక్యాల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. ప్రధాన కార్యాలయం మురిసిపోయి, మిగతా ప్రాంతీయ కార్యాలయాలన్నీ నలభై రెండు అడుగుల టీవీ కేబుల్, ఒక బకెట్టు కొనుక్కోవాలని ఆదేశించింది.

ఇరవై తొమ్మిది పొద్దున బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కొడుకు వెల్డింగు పరీక్ష మార్కులు కావాలట. "ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాడు. నేను లేచి వెళ్ళి బీరువా తెరిచి, డిస్కు చేత్తో పట్టుకొచ్చాను. పళ్ళెం లేదు, పట్టుగుడ్డ లేదు. ఆయన కాగితం పట్టుకుని దణ్ణం పెట్టబోతే వద్దన్నాను.

వారానికి నాకు మెమో వచ్చింది. గత నెల ఇరవై తొమ్మిదో తారీఖు ఉదయం పదిన్నరకు, సంఘం తీర్మానం లేకుండా, ముహూర్తం లేకుండా, నైరుతి బరువును ఆగ్నేయానికి తరలించి, పద్నాలుగో నిబంధనలో తప్పిన రకం కేబుల్‌తో కలిపి, అభ్యర్థికి అప్పటికప్పుడు మార్కుల జాబితా ఇచ్చినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఇవాళ రాసి ఇచ్చాను. చిన్నదే.

"అయ్యా, తమరు రాసినదంతా నిజమే. తారీఖు మాత్రం తప్పు పడింది, సరిచేయ ప్రార్థన. నా వల్ల నేరం జరిగింది ఇరవై తొమ్మిదో తారీఖున కాదు. పదిహేడు నుంచి ఇరవై ఎనిమిది దాకా రోజూ జరిగింది. ఆ రోజుల్లో తాళంచెవి నా దగ్గరే ఉన్నా నేను ఏమీ చేయలేదు."